స్త్రీల ఆరోగ్యంలో నర్స్ ప్రాక్టీషనర్: ప్రత్తిపాడు ప్రాంత పరిశీలన

నర్సింగ్ చదివి, కొన్నేళ్లు పనిచేసి, ఆపైన మరో చదువు చదివి, రోగిని తానే పరీక్షించి, జబ్బేమిటో తేల్చి, వైద్యం మొదలుపెట్టే అధికారం పొందిన నర్సును నర్స్ ప్రాక్టీషనర్ అంటారు. అంతర్జాతీయ నర్సుల మండలి 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఈ హోదాకు కనీసం మాస్టర్స్ స్థాయి చదువు ఉండాలి. స్త్రీల ఆరోగ్యం ఇందులో ఒక శాఖ. ముట్టు సమస్యలు, గర్భనిరోధం, గర్భిణి సంరక్షణ, కాన్పు, బాలింత సేవ, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష, ముట్లుడిగిన తర్వాత వచ్చే ఇబ్బందులు అన్నీ దీని కిందికే వస్తాయి.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ పేరుతో బోర్డు పెట్టుకున్న నర్సు కనబడదు. పని మాత్రం జరుగుతూనే ఉంది. ఊళ్లు తిరిగే ఏఎన్ఎమ్ (ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్) కొంత, లేబర్ రూమ్ స్టాఫ్ నర్సు కొంత, విలేజ్ క్లినిక్‌లో కూర్చునే సీహెచ్ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) కొంత, పొరుగున తెలంగాణలో ఎన్‌పీఎమ్ అనే మిడ్‌వైఫ్ కొంత చేస్తున్నారు. ఇలా ముక్కలుగా పంచిన పనిలో కాన్పు వరకు ఎవరో ఒకరి బాధ్యత ఉంది. కాన్పులు అయిపోయిన ఆడమనిషి మాత్రం ఎవరి రిజిస్టరులోనూ లేదు. పత్తి, మిరప పండే ఈ మైదానంలో ఆ లోటు మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ప్రాంతం

ప్రత్తిపాడు గుంటూరు జిల్లాలో మండల కేంద్రం, షెడ్యూల్డు కులాలకు రిజర్వు చేసిన శాసనసభ నియోజకవర్గం. గుంటూరు నుంచి పర్చూరు వెళ్లే రోడ్డు మీద ఉంటుంది. చుట్టూ నల్లరేగడి. పెదనందిపాడు, వట్టిచెరుకూరు, కాకుమాను మండలాలదీ, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో మిగిలిన మెట్ట ఊళ్లదీ ఇదే తీరు. మండలం అంచున జాతీయ రహదారి మీద, చినకొండ్రుపాడు దగ్గర కాటూరి మెడికల్ కాలేజీ ఉంది. ఏదైనా ముదిరితే అందరూ పరుగెత్తేది గుంటూరు జనరల్ ఆస్పత్రికే. ఊళ్లవాళ్లకు అది పెద్దాసుపత్రి.

ఇక్కడ ఆడవాళ్ల ఆరోగ్యానికి క్యాలెండరు పొలమే. ఆగస్టు, సెప్టెంబరుల్లో మిరప నాట్లు, అక్టోబరు చివరి నుంచి పత్తి తీతలు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు. నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ, కాయ కోసేదీ ఆడకూలీలే. కోతల రోజుల్లో తెల్లారకముందే ఆటో ఎక్కితే పొద్దుగూకాక గానీ ఇంటికి రారు. కర్నూలు పడమటి ప్రాంతం నుంచి, ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు కోతలకు వలస వచ్చి పొలాల పక్క గుడారాల్లో ఉంటాయి. వాళ్లలో నిండు గర్భిణులుంటారు. ఒక్కోసారి వాళ్ల తల్లీబిడ్డల కార్డు సొంత ఊళ్లోనే ఉండిపోతుంది. ఎన్ని ఇంజెక్షన్లు పడ్డాయో, రక్తం ఎంత ఉందో, పోయిన కాన్పు ఎలా అయిందో నోటిమాటగా విని రాసుకోవాల్సిందే. పగటి పనివేళల్లోనే తెరిచే క్లినిక్ ఈ మనుషులకు అందదని వేరే చెప్పనక్కర్లేదు. తెలివైన ఏఎన్ఎమ్ పొద్దున్నే ఆటోలు ఆగే చోటికే బీపీ మిషన్ పట్టుకుని వెళుతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రం లెక్కలు రెండు వైపులా పదునున్నవి. కాన్పుల్లో 96.5 శాతం ఆస్పత్రుల్లోనే జరిగాయి. 2018-20 నమూనా నమోదు లెక్కల్లో లక్ష జననాలకు తల్లుల మరణాలు 45, దేశం సగటు 97. గర్వించదగ్గ అంకెలే. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతానికి రక్తహీనత. 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతానికి పద్దెనిమిది నిండకముందే పెళ్లి. పెళ్లయిన స్త్రీలలో 69.6 శాతం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవారు. లూపు, మాత్రలు, నిరోధ్ వంటి మిగతా ఆధునిక పద్ధతులన్నీ కలిపినా రెండు శాతం లోపే. ఈ ఆపరేషన్ల అంకె దగ్గరికి మళ్లీ రావాలి.

పూర్వరంగం

గుంటూరు సీమలో స్త్రీల వైద్యం ఆడవాళ్ల చేతుల మీదుగానే మొదలైంది. అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్‌ను మిషన్ మొదట డాక్టరుగా పంపనే లేదు, బడి పనులకు పంపింది. మగ డాక్టరు ముందుకు రాలేని ఆడవాళ్లు ఆమె దగ్గరికి రావడంతో వైద్యం తప్పనిసరి అయింది. 1898లో స్త్రీలకు ప్రత్యేకంగా ఆస్పత్రి తెరిచారు. ఆమె 1930లో గుంటూరులోనే కన్నుమూశాక అది కుగ్లర్ ఆస్పత్రిగానే నిలిచింది. ఆమెతో కలిసి పనిచేసిన నర్సు కేథరీన్ ఫాస్ స్థానిక అమ్మాయిలకు నర్సింగ్ నేర్పింది. అప్పటికి వితంతువుకు గానీ, కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న ఇంటి పిల్లకు గానీ తప్ప ఇంకొకరికి తగని పనిగా చూసిన వృత్తి అది. రక్తం, మైల, పరాయివాళ్ల ఒళ్లు ముట్టుకోవడం: కులం కాదన్న పనులన్నీ అందులో ఉన్నాయి. నర్సమ్మ అనే పిలుపులో ఈనాటికీ ఆదరమూ ఉంది, ఆ పాత చిన్నచూపు ఛాయా ఉంది.

ఆస్ట్రేలియా డాక్టరు మేరీ గ్లౌరీ 1920లో గుంటూరు వచ్చి సన్యాసినిగా మారి, సెయింట్ జోసెఫ్ ఆస్పత్రిని పెంచి పెద్దచేసింది. కాంపౌండర్లుగా, మంత్రసానులుగా, నర్సులుగా స్థానిక స్త్రీలకు తర్ఫీదు ఇచ్చింది. 1943లో ఆమె మొదలుపెట్టిన క్యాథలిక్ ఆస్పత్రుల సంఘం నేడు దేశమంతటా విస్తరించింది.

చట్టం సంగతికొస్తే, గుంటూరు మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లోనే 1926లో నర్సులు, మిడ్‌వైఫ్‌ల చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక దేశం మిడ్‌వైఫ్‌ను విడి వృత్తిగా పెంచలేదు. జీఎన్ఎమ్ (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) కోర్సు పేరులోనే మిడ్‌వైఫరీ ఉంది. పాసైన ప్రతి నర్సుకూ నర్సుగా, మిడ్‌వైఫ్‌గా రెండు రిజిస్ట్రేషన్లూ ఒకేసారి దక్కుతాయి. అందరూ మిడ్‌వైఫ్‌లే కావడంతో చివరికి ఎవరూ మిడ్‌వైఫ్ కాకుండా పోయారు. లేబర్ రూమ్‌లో మూడేళ్లు చేయి తిరిగిన సిస్టర్‌ను నాలుగో ఏడు కంటి వార్డుకు బదిలీ చేస్తే అడిగేవారు లేరు. ఊళ్లో మంత్రసాని తరం వెళ్లిపోయింది, ఆమె స్థానంలోకి ఏఎన్ఎమ్ వచ్చింది, ఆ ఏఎన్ఎమ్ మీద టీకాలు, సర్వేలు, ఆన్‌లైన్ ఎంట్రీలు వచ్చి పడ్డాయి. కాన్పు క్రమంగా ఆమె చేయి దాటిపోయింది.

ఇప్పుడు చేస్తున్న పని

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాత్రి డ్యూటీ స్టాఫ్ నర్సు చాలాసార్లు ఒంటరిదే. డాక్టరు ఫోన్‌లో దొరుకుతారు. 2005 నుంచి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఆమెకు కొన్ని అధికారాలు కట్టబెట్టాయి. బిడ్డ బయటపడిన నిమిషంలోపు ఆక్సిటోసిన్ పది యూనిట్లు తొడకు ఇవ్వడం, మాయ పడ్డాక గర్భసంచిని చేత్తో మర్దించి గట్టిపడేలా చేయడం, నొప్పుల పురోగతి నమోదు చేసే పార్టోగ్రాఫ్ మీద గీత దాటితే పై ఆస్పత్రికి పంపడం ఆ కోవలోవి.

వీటన్నిటిలో గుర్రపువాతం, అంటే బీపీ పెరిగి గర్భిణికి మూర్ఛలొచ్చే జబ్బు, కేసు నర్సు సత్తాకు అసలు పరీక్ష. ఎనిమిదో నెల గర్భిణి తలనొప్పి, కళ్లు మసకలు అంటూ వస్తుంది. బీపీ 160 బై 110. మూత్రం వేడిచేసి చూస్తేనో, స్ట్రిప్పు ముంచితేనో అల్బుమిన్ కనబడుతుంది. ఇక డాక్టరు వచ్చేదాకా ఆగకూడదు. మెగ్నీషియం సల్ఫేటు యాంపూల్ ఒక్కోదానిలో రెండు మిల్లీలీటర్లు, ఒక గ్రాము మందు ఉంటుంది. అయిదు యాంపూల్స్ ఒక సిరంజిలో, అయిదు మరో సిరంజిలో తీసి రెండు పిరుదులకూ లోతుగా ఇవ్వాలి. మొత్తం పది గ్రాములు. చూడ్డానికే భయం పుట్టించే మోతాదు అది. సగం ఇచ్చి పంపేసే సిస్టర్లు ఉన్నారంటే ఆ భయమే కారణం. సగం మోతాదు దారిలో మూర్ఛను ఆపకపోవచ్చు. మందు పడ్డాక ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108 అంబులెన్సుకు ఫోన్ చేసి, ఇచ్చిన టైము, మోతాదు చీటీ మీద రాసి పెద్దాసుపత్రికి పంపాలి. ఆ చీటీ రాయకపోతే అక్కడివాళ్లు మళ్లీ మొదటి నుంచి ఇచ్చే ప్రమాదముంది. పేరు ఏదైనా, ఈ పది నిమిషాల్లో ఆమె చేసేది నర్స్ ప్రాక్టీషనర్ పనే: చూసింది, తేల్చింది, మందిచ్చింది, పంపింది.

విలేజ్ క్లినిక్‌ది మరో దారి. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద ఉపకేంద్రాల్లో బీఎస్సీ నర్సులను మధ్యస్థాయి వైద్యసేవకులుగా పెట్టడం మొదలైంది. వీరే ఎమ్ఎల్‌హెచ్‌పీలు, ఇప్పటి సీహెచ్ఓలు. రాష్ట్రంలో ఇలాంటి క్లినిక్‌లు పదివేలకు పైగా ఉన్నాయి. 2023 ఏప్రిల్‌లో చిలకలూరిపేట దగ్గరి లింగంగుంట్లలో ప్రారంభమైన ఫ్యామిలీ డాక్టర్ పథకంతో ఊరికి 104 వాహనంలో డాక్టరు వచ్చిపోయే ఏర్పాటూ కలిసింది. డాక్టరు లేని రోజున సీహెచ్ఓ ఈ-సంజీవని టెలివైద్యం తెర మీద డాక్టరును పిలిచి చూపిస్తుంది.

రోజువారీ పనిలో ఎక్కువ భాగం రక్తహీనతే. ఎర్ర ఐరన్ మాత్రలు ఇస్తే వాంతి వస్తుందనీ, విరేచనం నల్లగా అవుతోందనీ గర్భిణులు మానేస్తారు. కొందరికి మింగగానే టీ తాగే అలవాటు. టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. రాత్రి అన్నం తిన్నాక నిమ్మకాయ నీళ్లతో వేసుకోమని, నల్లగా రావడం మందు లక్షణమేనని ఓపిగ్గా చెప్పే సిస్టర్ దగ్గర మాత్రలు కడుపులోకి వెళతాయి, లేనిచోట గూట్లో పోగుపడతాయి. హిమోగ్లోబిన్ ఏడుకు అటూ ఇటూ ఉండి నెలలు నిండుతున్నవారిని ఐరన్ సుక్రోజ్ సెలైన్‌కు పంపాలి. ప్రతి నెలా తొమ్మిదో తేదీన గర్భిణులను డాక్టరు చూసే పథకం 2016 నుంచి నడుస్తోంది. ఆ తొమ్మిది మిరప కోత మధ్యలో పడిందంటే సగం మంది రారు.

తెలంగాణ మిడ్‌వైఫ్‌లు

తెలుగు నేల మీద నర్సుకు నిజంగా కొత్త హోదా ఇచ్చిన ప్రయోగం హైదరాబాదులో మొదలైంది. 1948లో బొగ్గులకుంటలో పుట్టిన ఫెర్నాండెజ్ ఆస్పత్రి, డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ ఆధ్వర్యంలో 2011లో సొంతంగా మిడ్‌వైఫరీ శిక్షణ పెట్టింది. బ్రిటన్ నుంచి వచ్చిన మిడ్‌వైఫ్ ఇందీ కౌర్ దాన్ని తీర్చిదిద్దింది. ప్రైవేటు ఆస్పత్రి యజమాని, పైగా స్త్రీవైద్య నిపుణురాలు, మామూలు కాన్పు డాక్టరు పని కాదు, మిడ్‌వైఫ్ పని అని బహిరంగంగా చెప్పడం ఈ రంగంలో చిన్న సంగతి కాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్, ఫెర్నాండెజ్ కలిసి ప్రభుత్వ నర్సులలోంచి ముప్ఫై మందిని ఎంచి కరీంనగర్‌లో పద్దెనిమిది నెలల శిక్షణ ఇచ్చాయి. ఆ తర్వాతి బ్యాచ్‌లతో ఆ సంఖ్య రెండు వందలు దాటింది.

కేంద్రం 2018 డిసెంబరులో దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. జీఎన్ఎమ్ లేదా బీఎస్సీ తర్వాత రెండేళ్ల అనుభవం, ఆపైన పద్దెనిమిది నెలల శిక్షణ, పేరు నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ (ఎన్‌పీఎమ్). ప్రభుత్వ లెక్కలో ప్రాక్టీషనర్ అనే మాట నర్సు పేరు పక్కన చేరిన చోట్లలో ఇదొకటి. దీనికి ఒకటి రెండేళ్ల ముందు ఐసీయూల కోసం నర్సింగ్ మండలి ఇలాంటి కోర్సునే తెచ్చింది.

తెలంగాణకు ఆ తొందర ఎందుకో సర్వే చెబుతుంది. 2019-21లో అక్కడ కాన్పుల్లో 60.7 శాతం పెద్దాపరేషన్లు, ప్రైవేటులో 81.5 శాతం, ప్రభుత్వ ఆస్పత్రుల్లో సైతం 44.5. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42.4. దేశం సగటు 21.5. ముహూర్తం చూసి కడుపు కోయించుకునే సంగతి పత్రికల్లో తరచూ వస్తుంది గానీ, అసలు కారణం అంత వింత కాదు. నొప్పులు పన్నెండు గంటలు పడతాయి, ఆపరేషన్ ముప్పావు గంటలో అవుతుంది. పన్నెండు గంటలు పక్కన కూర్చోవడానికి జీతమిచ్చిన మనిషి ఎవరూ లేరు. మిడ్‌వైఫ్ ఆ మనిషి.

ఆమె చేసేది బయటికి పెద్ద విద్యలా కనబడదు. గర్భిణిని బల్ల మీద వెల్లకిలా కట్టిపడేయకుండా నడవనిస్తుంది, పెద్ద బంతి మీద కూర్చోబెడుతుంది, గోడకు చేతులు ఆనించి నిలబడమంటుంది, నడుం రుద్దుతుంది. నీళ్లు, పలచటి జావ తాగనిస్తుంది. అమ్మనో అత్తనో లోపలికి రానిస్తుంది. తొలిచూలు అనగానే కత్తిగాటు పెట్టే అలవాటుకు దూరంగా ఉంటుంది. పక్కకు పడుకోబెట్టి, తల నెమ్మదిగా వచ్చేలా ఊపిరి ఎలా తీయాలో చెబుతుంది. బిడ్డ గుండె చప్పుడు అరగంటకోసారి, ముక్కే దశలో అయిదు నిమిషాలకోసారి వింటుంది. చప్పుడు మందగించినా, ఉమ్మనీరు పచ్చబడినా డాక్టరును పిలుస్తుంది. ఎప్పుడు పిలవాలో తెలియడమే పద్దెనిమిది నెలల చదువులో ముఖ్యమైన పాఠం.

ప్రపంచవ్యాప్తంగా మిడ్‌వైఫ్‌లు పూర్తిగా అందుబాటులో ఉంటే 2035 నాటికి తల్లుల మరణాల్లో 67 శాతం, పసికందుల మరణాల్లో 64 శాతం తప్పించవచ్చని 2021లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అంచనా వేసింది. తల్లుల మరణాలు ఇప్పటికే తగ్గించుకున్న మన రాష్ట్రాల్లో మిడ్‌వైఫ్ వల్ల వచ్చే లాభం వేరు: అక్కర్లేని కోతలు తగ్గడం, తర్వాతి కాన్పు ప్రమాదం కాకుండా ఉండడం.

ఈ మిడ్‌వైఫ్ పరిధి మాత్రం గర్భంతో మొదలై బాలింతతనంతో, గర్భనిరోధం సలహాతో ఆగుతుంది.

కాన్పుల తర్వాత

ఈ మైదానంలో పద్దెనిమిదీ పంతొమ్మిదికి పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్. అక్కడితో ఆరోగ్య శాఖకు ఆమెతో పని తీరిపోతుంది. ఆమె ఒంటికి ఇంకో పాతికేళ్ల ముట్టు ఉంది. రోజంతా వంగి చేసే పని ఉంది. పొలంలో మరుగు లేక మూత్రం ఆపుకునే బాధ ఉంది, మందు కొట్టిన చేలో తీసే కలుపు ఉంది. తెల్లబట్ట, నడుంనొప్పి, అధిక రక్తస్రావం, గర్భసంచి జారడం ఆ తర్వాత ఒక్కొక్కటిగా వస్తాయి. ఆపరేషన్ అయినప్పటి నుంచే ఇదంతా అని ఆమె నమ్మకం. అడిగి తెలుసుకునేందుకు ఊళ్లో చోటు లేదు. పట్నంలో స్కానింగు తీయించి, గర్భసంచి వాచిందనో పుండు పడిందనో, వదిలేస్తే క్యాన్సరవుతుందనో ఎవరో ఒకరు చెబితే, వడ్డీకి తెచ్చి తీయించేసుకుంటుంది.

దీని ఫలితం 2015-16 సర్వేలో బయటపడింది. 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో మూడు శాతం చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది శాతం, దేశంలోనే ఎక్కువ. తెలంగాణ తర్వాతి స్థానం. దేశం మొత్తంలో ఆపరేషన్ నాటికి మధ్యస్థ వయసు 34. మూడింట రెండు వంతులు ప్రైవేటులో జరిగాయి. అండాశయాలు కూడా తీసేసిన చోట ఆ వయసుకే ముట్లుడిగిన లక్షణాలు, ఎముకల బలహీనత, గుండెజబ్బు ముప్పు మొదలవుతాయి. ఆరోగ్యశ్రీ బీమా పథకం వచ్చాక ప్రైవేటు ఆస్పత్రుల్లో ఈ ఆపరేషన్లు పెరిగాయన్న విమర్శతో ప్రభుత్వం ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. 2022లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

ఆంక్షలు కత్తిని ఆపగలవేమో, తెల్లబట్టను ఆపలేవు. క్లినిక్‌లో సీహెచ్ఓకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇలా ఉంటుంది: "సిస్టరమ్మా, తెల్లబట్ట తగ్గట్లేదు. మా తోడికోడలు సంచి తీయించేసుకుంది, దానికి హాయిగా ఉందంట. నేను కూడా తీయించేసుకుంటే పోద్దిగా?" దీనికి జవాబు ఉపన్యాసం కాదు, పరీక్ష. "పోవడానికి ముందు ఎందుకవుతుందో చూద్దాం, ఇటు రామ్మా" అని తెర వెనక్కి తీసుకెళ్లి చూడాలి. పెరుగు తరకల్లా ఉండి దురదపెడితే ఒక రకం, చేపవాసన వేస్తే ఒకటి, పచ్చగా నురగతో ఉంటే మరొకటి. మందు ఖరీదైనదేమీ కాదు. సుఖవ్యాధుల కార్యక్రమం కింద ఇచ్చే ఆకుపచ్చ కిట్‌లో సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్ మాత్రలు ఉంటాయి, తెల్లబట్టకు అవే. పొత్తికడుపు నొప్పి, జ్వరం కలిసి ఉంటే పసుపుపచ్చ కిట్. చాలామందికి వారం పది రోజుల్లో తేడా తెలుస్తుంది. పట్నం ఆపరేషన్ టేబుల్‌కీ ఈ ఆకుపచ్చ కిట్‌కీ మధ్య నిలబడే మనిషే లోపించింది.

తెర వెనక ఇంకో పని కూడా అప్పుడే అయిపోతుంది. ముప్ఫై దాటిన స్త్రీలకు గర్భాశయ ముఖద్వార పరీక్ష. స్పెక్యులమ్ పెట్టి, దూదిని అయిదు శాతం అసిటిక్ యాసిడ్‌లో, అంటే దాదాపు వంటింటి వినిగర్ లాంటి ద్రావణంలో ముంచి ముఖద్వారానికి అద్ది, గడియారం చూసి ఒక నిమిషం ఆగాలి. మామూలు చర్మం గులాబీ రంగులోనే ఉంటుంది. మార్పు మొదలైన చోట అంచులు తేలిన తెల్లటి మచ్చ పడుతుంది. దీన్ని వీఐఏ అంటారు. ల్యాబు అక్కర్లేదు, ఫలితం అప్పుడే తెలుస్తుంది. బల్ల, తెర, మంచి టార్చి, ఉడికించిన స్పెక్యులమ్‌లు చాలు. నిమిషం తక్కువైతే మచ్చ కనబడదు; అలవాటు పడని కళ్లకు మామూలు పుండు కూడా మచ్చలా తోస్తుంది. అందుకే నేర్పినవాళ్లు మొదట కొన్నాళ్లు పక్కన నిలబడాలి.

ఇది నర్సులు చేయగలరా అన్న ప్రశ్నకు జవాబు మన పొరుగున ఎప్పుడో దొరికింది. తమిళనాడు దిండిగల్ జిల్లాలో శిక్షణ పొందిన నర్సులు ఊళ్లలో వీఐఏ చేసిన ప్రయోగ ఫలితాలు 2007లో లాన్సెట్‌లో వచ్చాయి. క్యాన్సర్ కేసులు 25 శాతం, మరణాలు 35 శాతం తగ్గాయి. 2016లో కేంద్రం ఈ పరీక్షను ప్రాథమిక ఆరోగ్య వ్యవస్థలోకి తెచ్చింది. అయినా 2019-21 సర్వేలో ముప్ఫై నుంచి నలభైతొమ్మిదేళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు దేశంలో రెండు శాతం లోపు, పది శాతానికి చేరిన రాష్ట్రం ఒక్కటీ లేదు. 2030 నాటికి 70 శాతం మందికి పరీక్ష జరగాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం. ఆ దూరం చూస్తే నవ్వు రాదు.

సిగ్గు అడ్డమని అందరూ అంటారు. సిగ్గు ఉన్నమాట నిజమే, కానీ మగ డాక్టరు ముందు పడే సిగ్గు తెలిసిన సిస్టర్ ముందు అంత ఉండదు. అంతకంటే పెద్ద అడ్డం కూలి రోజు పోవడం. కోతలు అయిపోయిన మే నెలలో, పనుల్లేని వేళ శిబిరం పెడితే వచ్చేవాళ్లు ఎక్కువ. జనవరిలో పెడితే ఖాళీ కుర్చీలే.

చట్టం, మందుచీటీ

నర్సు మందు రాయవచ్చా అన్నది ఇంకా తెగని తగువు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 32వ సెక్షన్ మధ్యస్థాయి సేవకులకు పరిమిత లైసెన్సు ఇచ్చే వీలు కల్పించింది. డాక్టర్ల సంఘాలు తీవ్రంగా వ్యతిరేకించాయి. 1947 నాటి నర్సింగ్ మండలి చట్టం స్థానంలో 2023లో నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. గర్భస్రావం విషయంలో గీత ఇంకా కచ్చితం. 2014లో నర్సులకు, ఏఎన్ఎమ్‌లకు కూడా తొలినెలల్లో అనుమతివ్వాలని ముసాయిదా సవరణ తయారైంది. డాక్టర్ల అభ్యంతరంతో ఆగిపోయింది. 2021 సవరణ గడువును కొన్ని వర్గాలకు 24 వారాలకు పెంచింది గానీ చేసే చేతిని మార్చలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు ఇందుకు భిన్నం. ఈలోగా మెడికల్ షాపులో మాత్రలు కొని మింగి, రక్తం ఆగక వచ్చే కేసులను రాత్రి డ్యూటీలో అందుకునేది నర్సే.

బయటి దేశాల్లో

నర్స్ ప్రాక్టీషనర్ వృత్తి 1965లో అమెరికా కొలరాడో విశ్వవిద్యాలయంలో నర్సు లొరెట్టా ఫోర్డ్, పిల్లల డాక్టరు హెన్రీ సిల్వర్ పెట్టిన కోర్సుతో మొదలైంది. ఫోర్డ్ నూట నాలుగేళ్లు బతికి 2025 జనవరిలో చనిపోయింది. ఆ కోర్సుకు నలభై ఏళ్ల ముందే, 1925లో, మేరీ బ్రెకిన్‌రిడ్జ్ కెంటకీ కొండల్లో గుర్రాల మీద తిరిగే నర్సు మిడ్‌వైఫ్‌ల సేవను స్థాపించింది. నేడు అమెరికాలో స్త్రీల ఆరోగ్య నర్స్ ప్రాక్టీషనర్‌కు ప్రత్యేక ధ్రువీకరణ పరీక్ష ఉంది. సగానికి పైగా రాష్ట్రాల్లో డాక్టరు పర్యవేక్షణ లేకుండానే ఆమె క్లినిక్ నడుపుకోవచ్చు. బ్రిటన్‌లో అర్హత పొందిన నర్సు 2006 నుంచి దాదాపు అన్ని మందులూ రాయగలదు. గుంటూరు, విజయవాడ కాలేజీల్లో చదివి ఆ దేశాలకు వెళ్లిన తెలుగు నర్సులకు అక్కడ పై చదువుతో ఈ దారి తెరుచుకుంటుంది. తిరిగి వస్తే ఆ అర్హతతో కూర్చోడానికి ఇక్కడ పోస్టు లేదు.

చదువు, ఉద్యోగం

విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీల్లో ప్రసూతి, స్త్రీవ్యాధుల నర్సింగ్‌లో ఎమ్మెస్సీ ఉంది. రెండేళ్ల కోర్సు, చేసేవారూ ఉన్నారు. పాసయ్యాక ఎక్కువమంది వెళ్లేది ప్రైవేటు నర్సింగ్ కాలేజీల్లో ట్యూటర్లుగానే, ఎందుకంటే ఆస్పత్రిలో ఆ చదువుకు వేరే జీతమూ లేదు, వేరే పనీ లేదు. స్త్రీల ఆరోగ్యంలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ చదివిన నర్సు రోగికి దూరంగా బ్లాక్‌బోర్డు దగ్గర ఉంటుంది, తక్కువ శిక్షణ పొందినామె రోగి పక్కన ఉంటుంది.

సీహెచ్ఓలది కాంట్రాక్టు ఉద్యోగం. జీతంలో కొంత భాగం పనితీరు ప్రోత్సాహకంగా వస్తుంది, అది యాప్‌లలో నింపిన సంఖ్యల మీద ఆధారపడుతుంది. బీపీ చూసినవారెందరు, షుగర్ చూసినవారెందరు అన్నదానికి గడి ఉంది. తెల్లబట్టతో వచ్చినామె ఆపరేషన్ ఆలోచన మానుకుని ఇంటికి వెళ్లడాన్ని లెక్కించే గడి లేదు. ఉద్యోగ భద్రత, జీతాలు, అదనపు పనిభారం మీద 2025లో రాష్ట్రంలోని సీహెచ్ఓలు సమ్మె చేశారు.

కొత్త కోర్సు పెట్టకుండానే సాధ్యమయ్యే పనులు కొన్ని ఉన్నాయి: ఎమ్మెస్సీ చదివినవారిని మండలానికొకరిని క్లినికల్ పోస్టులో వేసి, వారానికి రెండు రోజులు ఊళ్ల క్లినిక్‌లు తిప్పడం, వీఐఏ నేర్పే పని వారికి అప్పగించడం, గర్భసంచి ఆపరేషన్‌కు ముందు నర్సు దగ్గర పరీక్ష, మందుల కోర్సు తప్పనిసరి చేయడం, కోతల కాలంలో క్లినిక్ వేళలను పొద్దున ఆరుకు మార్చడం. ప్రత్తిపాడు మండలంలోని యనమదలలోనో పెదగొట్టిపాడులోనో ఇది మొదలైతే, ఖర్చులో ఎక్కువ భాగం స్పెక్యులమ్‌లకూ, పెట్రోలుకే అవుతుంది.